పనికిరాని బీడు

కొన్ని మాటల బరువు అవి అచ్చులో పడ్డాక గాని తెలియదు. అలాంటి మాట ఒకటి నా చేతి మీదుగా 2009లో ఒక కాగితం మీదికి ఎక్కింది. ఇన్నేళ్ళయినా అది నన్ను వదల్లేదు. దాన్ని గురించి రాద్దామని చాలాసార్లు కూర్చుని, ప్రతిసారీ ఏదో వంక దొరికి లేచిపోయాను. ఈసారి పూర్తి చేసే లేవాలని మొదలుపెడుతున్నాను.

అప్పట్లో ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో అనువాదాలు చేసేవాణ్ణి. బ్యాంకు దరఖాస్తులు, విత్తనాల కరపత్రాలు, మందుల వాడకం సూచనలు, ఏది వస్తే అది. ఒకరోజు తెలిసినవారి ద్వారా ఒక నివేదిక సారాంశం వచ్చింది. మా కడప జిల్లాలో కట్టదలచిన ఒక కర్మాగారం వల్ల చుట్టుపక్కల నేలకూ నీటికీ గాలికీ జీవజాలానికీ ఏం జరుగుతుందో అంచనా కట్టిన నివేదిక అది. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం ఇటువంటి నివేదికల సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ప్రజల ముందు పెట్టాలి. ఆ తరువాతే ప్రజాభిప్రాయ సేకరణ సభ. ఇరవై పేజీలు, నాలుగు రోజుల గడువు, పేజీకి ఇంత అని డబ్బు.

ప్రతిపాదిత స్థలాన్ని గురించి అందులో రెండే రెండు వాక్యాలున్నాయి. అది ముళ్ళపొదలున్న భూమి, సాగులో లేదు అని మొదటిది. అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువులుగాని పక్షులుగాని అక్కడ లేవు అని రెండవది. మొదటి వాక్యాన్ని నేను "పనికిరాని ముళ్ళపొదల బీడు" అని తెనిగించాను. మూలంలో "పనికిరాని" అన్న మాట లేదు. వాక్యం తూగు కోసం నేనే వేశాను. చదువుకుంటే చెవికి బాగానే ఉంది. పంపేశాను.

సభ జరిగిన ఊరు మా ఊరికి దూరం కాదు. పండక్కి ఊళ్ళోనే ఉన్నాను గనుక, నా తెలుగు జనానికి ఎలా అందుతుందో చూద్దామన్న చిన్న గర్వంతో వెళ్ళాను. షామియానా కింద అధికారులు, ముందు వరసలో నాయకులు, వెనక జనం. ఎవరో నా అనువాదాన్ని మైకులో చదివారు. చదవడం పూర్తయ్యాక, భుజాన కంబళి వేసుకున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"పనికిరాని బీడని చదివినారు గదా సామీ, అది పనికిరాదని ఎవురు చెప్పినారు మీకు? నా గొర్రెలు యాడ మేస్తాండాయి అనుకున్నారు?"

జనం నవ్వారు. వేదిక మీదివారు కూడా నవ్వి, ఆయన మాటను అభ్యంతరంగా రాసుకున్నామని చెప్పి కూర్చోమన్నారు. నేను వెనక వరసలో తల దించుకుని ఉన్నాను. ఆ ప్రశ్నకు జవాబు అక్కడున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. ఎవరూ చెప్పలేదు. నేను వేసిన మాట అది.

ఆ సిగ్గుకు ఇంకొక కారణం కూడా ఉంది. ఆ ముళ్ళపొదల్లోనే నేను పెరిగాను.

మా ఊరి నుంచి చూస్తే పడమటి దిక్కున లంకమల కొండలు నీలంగా కనబడేవి. కొండకూ మా చేలకూ మధ్య ఉన్నదంతా ఆ పొదలే. తుమ్మ, సండ్ర, రేగు, పరికి, వాటి మధ్య కలివి. కలివిపండ్ల కాలంలో మా జేజి వెంట వెళ్ళి, ముళ్ళు గీరుకుంటున్నా లెక్కచేయకుండా నల్లటి పండ్లు కోసుకుని తినేవాళ్ళం. నోరంతా నల్లబడేది. పొదకూ పొదకూ మధ్య గులకరాళ్ళ నేల బోడిగా, పరిగెత్తడానికి వీలుగా ఉండేది. ఆ నేలను జేజి ఎన్నడూ బీడు అన్నట్టు నాకు గుర్తులేదు. మాకది "అడివి". పెద్ద చెట్లున్న కొండ మీది అడవి వేరు, ఇది వేరు. అయినా ఇదీ అడివే.

ఆ పొదల పేరే పెట్టుకున్న పక్షి ఒకటుందని నాకు తెలిసింది మాత్రం చాలా ఆలస్యంగా, ఊరు విడిచిన తరువాత, పుస్తకాల ద్వారా. దాని పేరు కలివి కోడి.

పేరుకు కోడిగాని అది కోడి జాతి కాదు. గోరువంక కన్నా కాస్త పెద్దది, ఇరవై ఏడు సెంటీమీటర్ల పొడవు. పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు. కంఠం మీద ఇటుక రంగు మచ్చ, రొమ్ము మీద రెండు పట్టీలు. పగలంతా పొదల నీడన కదలకుండా ఉండి, చీకటి పడ్డాక పొదల నడుమ బోడి నేల మీద పరుగులు తీస్తూ పురుగులు ఏరుకు తింటుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ దీన్ని కనుగొన్నాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అందుకే ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు. జెర్డన్ దాని తెలుగు పేరును కూడా ఇంగ్లీషు లిపిలో రాసిపెట్టాడు. కూడబలుక్కుని చదివితే "అడవ ఊట తిత్తి" అన్నట్టు ఉంటుంది. ఆ చివరి "తిత్తి"లో మన తీతువుపిట్ట, సంస్కృతపు టిట్టిభం ఛాయలున్నాయని నా ఊహ. భాషాశాస్త్రం తెలిసినవారు ఒప్పుకోకపోయినా నాకు కోపం రాదు.

పెన్నా, గోదావరి లోయల్లో అక్కడక్కడా కనబడిన ఈ పక్షి 1900లో అనంతపురం దగ్గర చివరిసారి నమోదైంది. ఆ తరువాత ఎనభై ఆరేళ్ళు దాని జాడ లేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మన ప్రాంతంలో ఊరూరా తిరిగి, పక్షి బొమ్మ చూపిస్తూ వెదికాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో నిలిచిపోయిన ఒక పక్షిని చేత్తో పట్టుకున్నాడు. అది కలివి కోడే. సలీం అలీకి అప్పటికి ఎనభై తొమ్మిదేళ్ళు. ఆయన తన జీవితకాలంలోనే ఆ కబురు వినగలిగాడు. పట్టుబడిన పక్షి మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. 1988లో దాని పేరుతో తపాలా బిళ్ళ వచ్చింది. ఆ ఏడాదే దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం కూడా ఏర్పడింది.

శాస్త్రవేత్తలకు ఎనభై ఆరేళ్ళు కనబడని పక్షికి ఆ ఊళ్ళవాళ్ళ నోట పేరు ఉంది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నా అనువాదంలోని రెండవ వాక్యం గుర్తుకొస్తుంది. "అక్కడ లేవు." ఎంత ధీమా! లేదని తేల్చడానికి వాళ్ళు ఎంత వెదికారు, ఎప్పుడు వెదికారు, ఎలా వెదికారు?

తరువాతి రోజుల్లో కొంత పట్టుదలగా చదివి తెలుసుకున్న సంగతులు కొన్ని చెబుతాను. ఇటువంటి నివేదికల్లో స్థలం చుట్టూ సాధారణంగా పది కిలోమీటర్ల మేర అధ్యయనం చేసినట్టు చూపిస్తారు. చాలావాటిలో వానకాలం తప్పించి ఒక ఋతువు, అంటే మూడు నెలల సమాచారం ఉంటుంది. ఆ మూడు నెలల్లో గాలి నమూనాలకూ నీటి నమూనాలకూ లెక్క ఉంటుంది. పక్షుల్నీ జంతువుల్నీ వెదికిన పూటలకు మాత్రం లెక్క కనబడదు. నేను తెనిగించిన జాబితా నాకింకా గుర్తుంది. కాకి, గోరువంక, పిచ్చుక, పావురం, ఉడుత, కుందేలు. జీపు దిగకుండా పట్టపగలు ఎవరైనా రాయగల జాబితా. నివేదిక తయారుచేసే సంస్థకు డబ్బిచ్చేది కర్మాగారం పెట్టదలచినవారే. ఆ డబ్బులోంచే నా పేజీల కూలీ కూడా వచ్చింది. కనుక ఈ విషయంలో నేను ఎవరి మీదా వేలు చూపలేను.

పగలు దాక్కుని రాత్రి తిరిగే పక్షిని పగలు వెదికి లేదనడం, అమావాస్య నాడు చూసి చంద్రుడు లేడనడం వంటిది. మరి ఎలా వెదకాలి? కలివి కోడి మీద పనిచేసిన పి. జగన్నాథన్, ఆయన సహచరులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. పొదల మధ్య బోడి నేల మీద సన్నటి మట్టిని జల్లించి పట్టీలుగా పరిచారు. రాత్రి పక్షి దాని మీదుగా నడిస్తే తెల్లవారేసరికి అడుగులు కనబడతాయి. మనిషి కాపలా అక్కర్లేకుండా దానంతటదే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. పొద్దుగూకిన తరువాత కొద్దిసేపు మాత్రమే వినిపించే దాని జంటస్వరపు పిలుపును రికార్డు చేసి వినిపించి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించారు. మా జేజి ముగ్గుపిండి జల్లించినట్టు మట్టి జల్లించి, ఒక పిట్ట అడుగు కోసం తెల్లవారేదాకా ఎదురుచూసిన ఆ మనుషులను తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది.

ఆ శ్రమ ఫలితంగా ఒక లెక్క తేలింది. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, అంతకన్నా చిన్న పొదలు వెయ్యికి లోపుగా ఉన్నచోట ఈ పక్షి కనబడే అవకాశం ఎక్కువ. అంటే పొదలు మరీ చిక్కబడకూడదు, మరీ పల్చబడకూడదు. దాక్కోవడానికి నీడ ఉండాలి, పరిగెత్తడానికి నేలా ఉండాలి. మితంగా గొర్రెలు మేసి, మితంగా పుల్లలు ఏరుకున్న చోట పొద ఆ తీరున నిలుస్తుంది. మేత మితిమీరినా, కట్టె నరుకుడు మితిమీరినా చెడిపోతుంది. ఆ సభలో లేచి నిలబడ్డ ముసలాయనకు ఈ హెక్టారు లెక్కలు తెలియవు. కాని పనికొచ్చే నేల అంటే ఏమిటో వేదిక మీదివారి కన్నా, నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

ఇక్కడే ఇంకొక ప్రమాదం పొంచి ఉంది. ఇలాంటి నివేదికల చివర "హరితవనం పెంచుతాం, పోయిన చెట్లకు బదులు ఇన్ని వేల మొక్కలు నాటుతాం" అన్న హామీ ఉంటుంది. నేను తెనిగించిన దాంట్లోనూ ఉంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కాని బోడి నేల కావలసిన పక్షి ఇంటి నిండా చెట్లు నాటితే దానికి ఇల్లు మిగలదు. పచ్చగా ఉన్నదే అడవి, పచ్చగా లేనిది బంజరు అనుకునే మన చూపులోనే ఈ చిక్కు ఉంది. ఎండిన పొదల నేలకు నష్టపరిహారంగా పచ్చటి తోట ఇవ్వడం చేపకు బదులు కోడినిచ్చినట్టే.

"లేదు" అన్న మాటను గురించి ఇంకొక లెక్క. దీనికి శాస్త్రవేత్త కానక్కర్లేదు, హైస్కూలు గణితం చాలు. ఒకచోట ఒక పక్షి నిజంగానే ఉందనుకుందాం. పది రాత్రుల్లో రెండు రాత్రులే అది మనకు వినబడుతుందనుకుందాం. మూడు రాత్రులు వెళ్ళి చెవి ఒగ్గితే మూడూ మౌనంగా గడిచిపోయే అవకాశం సగానికి సగం. అయిదు రాత్రులు వెళ్ళినా మూడింట ఒక వంతు. అంటే ఉన్న పక్షిని లేదని రాసేయడానికి పెద్ద అబద్ధమేమీ ఆడనక్కర్లేదు, రెండు పూటలు తక్కువ తిరిగితే చాలు. "వెదికాం, కనబడలేదు, ఇన్ని రాత్రులు ఇలా వెదికాం" అని రాయడమే నిజాయితీ. "లేదు" అనడం వేరే సంగతి. ఈ రెండు క్రియలకూ మధ్యనున్న తేడాను పట్టుకోవడం అనువాదకుడిగా నా వృత్తిధర్మం. నేను పట్టుకోలేదు.

తెలుగుగంగ సంగతికి వస్తాను. ఇది చెప్పకుండా కలివి కోడి కథ పూర్తి కాదు.

మద్రాసు దాహం తీర్చడానికి కృష్ణ నుంచి పదిహేను టీఎంసీల నీరు ఇవ్వాలని మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ 1976లో ఒప్పుకున్నాయి. తలా అయిదు. 1983లో మొదలైన పనిలో రాయలసీమ, నెల్లూరు భూములకు సాగునీరు కూడా చేరింది. శ్రీశైలం నుంచి బయలుదేరిన కాలువ కర్నూలు, కడప జిల్లాల మీదుగా సోమశిలకూ, అక్కణ్ణుంచి కండలేరుకూ, చివరికి పూండికీ పోతుంది. నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ ఈ కాలువ మాటే. మా చిన్నాయనకు మూడెకరాల చెలక. శెనక్కాయ వేసేవాడు. వాన పడితే పంట, లేకుంటే అప్పు. వేయించిన బోర్లలో ఒకటి మట్టి కక్కింది, ఒకటి రెండేళ్ళు పోసి ఎండింది. కాలువ వస్తుందన్న మాట మీదే ఆయన యౌవనం గడిచిపోయింది.

2005 చివరలో, అభయారణ్యం పరిధిలో, రెడ్డిపల్లి పరిసరాల్లో కలివి కోడి తిరిగే పొదల్లోకి కాలువ పనుల యంత్రాలు దిగాయి. పొదలను పెళ్ళగించి తవ్వడం మొదలైంది. కావలసిన అనుమతులు లేవు. అక్కడే పనిచేస్తున్న పరిశోధకులు చూసి అటవీశాఖకు తెలియజేశారు. శాఖ పనులు ఆపించింది. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది. చివరికి కాలువ దారి మార్చారు. పక్షి కోసం అదనంగా భూమి సేకరించి ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది.

పంచతంత్రం మిత్రభేదంలో టిట్టిభం కథ మీకు గుర్తుండే ఉంటుంది. సముద్రపు ఒడ్డున గుడ్లు పెట్టుకున్న చిన్న పిట్టల జంట. "ఇవేం చేస్తాయిలే" అని సముద్రం ఆ గుడ్లను తీసుకుపోతుంది. పిట్ట మొర గరుత్మంతుడి ద్వారా విష్ణువుకు చేరి, సముద్రం భయపడి గుడ్లు తిరిగి ఇచ్చేస్తుంది. 2005 నాటి సంగతి చదివినప్పుడు నాకు మొదట ఆ కథే మెదిలింది. కాని కథలో సముద్రానిది అహంకారం. మా ఊళ్ళో నీటి కోసం ఎదురుచూసిన చిన్నాయనది అహంకారమని నేను ఎలా అనగలను?

ఆయనకు ఈ సంగతంతా చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటూ ఓపిగ్గా విన్నాడు.

"పిట్ట కోసరం కాలవ ఆపినారా?"

"ఆపలేదు చిన్నాయనా, పక్కకు జరిపినారు."

"జరిపితే నీళ్ళు వస్తాయా రావా?"

"వస్తాయి."

"వస్తే జరపనీలే. ఆ జరిపేదేదో గీత గీసేటప్పుడే జరిపింటే ఇన్నేండ్లు ఎందుకు పోతాయి? అయినా అబ్బీ, పిట్టకు రెక్కలుండాయి గదా, ఇంకో తావుకు ఎగిరిపోదా?"

మొదటి ప్రశ్న వేసిన క్షణంలో, ప్రభావ అంచనా అనేది ఎందుకోసమో ఆయన నాకన్నా సూటిగా చెప్పేశాడు. గీత గీసేటప్పుడే అడగవలసిన ప్రశ్న అది. గుత్తలు ఇచ్చి, యంత్రాలు దిగి, పొదలు పోయాక అడిగితే పక్షికీ నష్టమే, రైతుకూ నష్టమే. ముందుగా చేసిన అంచనా దారి మారుస్తుంది. ఆలస్యంగా చేసినది కోర్టు వాయిదాలనే తెస్తుంది. నీళ్ళా, పిట్టా అని మనం వాదులాడుకునేలా చేసేది చాలాసార్లు ఆ ఆలస్యమే.

రెండవ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాత్రం నేను చాలా మాటలు ఖర్చు చేయవలసి వచ్చింది. రెక్కలున్నాయి, నిజమే. ఎగిరి వాలే చోటు ఉండాలి గదా. ఆ పక్షికి కావలసిన తీరున పొదలున్న నేల కొంచెమే. పటం మీద కాలువ సన్నటి గీతే. కాని నీరు వచ్చిందంటే ఆ గీతకు ఇరువైపులా నేల ధర పెరుగుతుంది. పొదలు కొట్టి నిమ్మతోటలు, వరి వేస్తారు. కాలువ రాకముందే ఈ పని మొదలైంది. ఉపగ్రహ చిత్రాలు పరిశీలించినవారు 1991 నుంచి 2000 లోపలే ఆ ప్రాంతంలో పొదల నేల తరిగిందని తేల్చారు. కాబట్టి కాలువ ఎంత నేల తింటుందో కొలిస్తే చాలదు. కాలువ వచ్చాక ఆ చుట్టూ మనుషులు ఏం చేస్తారో కూడా అంచనా కట్టాలి. కూలీల గుడిసెలు, రాత్రి దీపాలు, కొత్త బాటలు, రెండు ముక్కలైపోయే పొదల మేర, ఇవన్నీ లెక్కలోకి రావాలి. ముందు తప్పించగలమా అని చూడాలి. తప్పించలేకపోతే తగ్గించాలి. తగ్గించలేనిదాన్ని సరిచేయాలి. మరెక్కడో బదులు ఇవ్వడం అన్నిటికన్నా చివరి మాట. చాలా నివేదికలు ఈ వరసను తలకిందులుగా, చివరి మాటతో మొదలుపెడతాయి.

చిన్నాయన అంతా విని, "నా మూడెకరాలూ మా నాయన కాలానికి ముందు ఆ అడివేలే" అన్నాడు. ఆ మాటలో ఒప్పుకోలు ఉందో ఎత్తిపొడుపు ఉందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

కాలువ జరిగింది. కథ సుఖాంతం అనుకోవాలని ఉంటుంది. కాని 2000ల దశకం గడిచాక కలివి కోడి మళ్ళీ ఎవరికీ దొరకలేదు. కంటికి కనబడలేదు, చెవికి వినబడలేదు. ఎర్రచందనం దొంగలు తిరగడం ఎక్కువై, ఆ అడవుల్లో రాత్రిపూట తిరగడమే కష్టమైంది. 2013లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో దాని గుడ్డు ఒకటి బయటపడింది. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించినదట, డీఎన్‌ఏ పరీక్షలో రుజువైంది. ఎక్కడో చలిదేశంలో అద్దాల పెట్టెలో గుడ్డు ఉంది, ఇక్కడ గూడు కనబడదు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

తరువాత 2025లో కొందరు పక్షి పరిశీలకులు మన రాష్ట్రంలోనే దాని పిలుపును మళ్ళీ రికార్డు చేశారన్న వార్త వచ్చింది. అంటే ఇన్నేళ్ళలో ఎవరైనా దాన్ని "లేదు" అని రాసి ఉంటే, ఆ రాత తప్పన్నమాట. 1900 తరువాత చేసిన తప్పే ఇంకొకసారి.

ఆ వార్త చూసిన తరువాత ఊరికి వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం చిన్నాయనను వెంటబెట్టుకుని కొండ దిక్కుకు నడిచాను. ఆయనకిప్పుడు మోకాళ్ళ నొప్పులు. కర్ర పట్టుకుని వచ్చాడు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు గనుక బయటే, బాట అంచున ఒక రాతి మీద కూర్చున్నాం. పొద్దు గూకింది. కలివిపొదలు నల్లటి ముద్దలుగా మారాయి. దూరంగా ఎవరిదో మోటారు సైకిలు. ఎక్కడో గొర్రెల మెడ గంటలు. చీకటి చిక్కబడ్డాక ఒక తీతువు అరుచుకుంటూ మా తల మీదుగా పోయింది. దాదాపు గంటసేపు కూర్చున్నాం.

"వినబడెనా?" అన్నాడు చిన్నాయన.

"లేదు."

"సరే పా. ఒక పూట కూచోని లేదంటే ఎట్లా? రేపు మళ్ళా వస్తాంలే."

మరునాడు నాకు బండి టైమైంది. వెళ్ళలేకపోయాను. ఆయన ఒక్కడే వెళ్ళి కూర్చున్నాడని తరువాత ఫోనులో చెప్పారు. ఏమీ వినబడలేదట.

ఆ కర్మాగారం సంగతి చెప్పలేదు కదూ. అది రానే లేదు. గొర్రెలాయన అడిగిన ప్రశ్న వల్ల కాదు, నా పశ్చాత్తాపం వల్ల అసలే కాదు. డబ్బు కుదరలేదట. సభ అయిన వారంలో నేను అనువాదం ఇప్పించినవారికి ఉత్తరం రాశాను. ఫలానా మాట మూలంలో లేదు, తీసివేయండి అని. ప్రతులు ఇప్పటికే అందజేశాం, మార్చడం కుదరదు, మీ కూలీ ముట్టిందిగదా అని జవాబు వచ్చింది. ముట్టింది, నిజమే.

ఇటువంటి పొదల నేలకు మన తెలుగులో మంచి మాట లేదని నన్ను నేను సమర్థించుకున్న రోజులున్నాయి. అదీ అబద్ధమే. "చిట్టడవి" అన్న మాట ఉంది. అందులో అడవి ఉంది. ఆ నాలుగు రోజుల గడువులో అది నాకు తట్టలేదు, అంతే. మీ మీ ప్రాంతాల్లో ఇటువంటి నేలకు, గడ్డి బయళ్ళకు, వానకు నీరు నిలిచే పల్లాలకు, ఉప్పు నేలలకు పెద్దవాళ్ళు వాడే పేర్లు మీకు తెలిస్తే దయచేసి రాసి ఉంచండి. రేపు ఇంకెవరో ఒక అనువాదకుడు, గడువు తరుముతుండగా, వాటికోసం వెదుక్కుంటాడు. దొరక్కపోతే నాలాగే "బీడు" అని రాసేస్తాడు.

పాత అనువాదపు ఫైలు ఇంకా నా దగ్గర ఉంది. మొన్న రాత్రి తెరిచి ఆ రెండు వాక్యాలనూ మార్చాను. "ఇది ముళ్ళపొదల చిట్టడవి. చుట్టుపక్కల ఊళ్ళ గొర్రెలు ఇక్కడ మేస్తాయి. పగటిపూట చూసినప్పుడు అరుదైన పక్షులేవీ కనబడలేదు. రాత్రిపూట ఎవరూ చూడలేదు." నాలుగు వాక్యాలయ్యాయి. తూగు పోయింది. ఎవరికీ పంపవలసిన పని లేదు గనుక అలాగే భద్రపరిచి, కంప్యూటరు కట్టేసి పడుకున్నాను.